ముగ్గురు స్త్రీలు, మూడు మహామత్స్యములు

గాలము వేసి చేపలు పట్టుట మన దేశమున సామాన్యముగ మగపిల్లల సెలవునాటి వేడుకగను, జాలరుల జీవనోపాధిగను మాత్రమే యెన్నబడుచున్నది. చెఱువుగట్టున గాలపుకఱ్ఱ పట్టుకొని కూర్చున్న యాడుదానిని చూచినవారు మనలో బహు కొద్దిమంది. చేప మన యింటికి వచ్చునప్పటికి, అది వలనుండి గంపకును, గంపనుండి కత్తిపీటకును దిగిన సరకు. మాంసాహారము ముట్టని యిండ్లలో ఆపాటి పరిచయము కూడ లేదు. అట్టి పాఠకురాండ్రకు ఈ మాసము దూరదేశపు చేపలవేటను గూర్చి వ్రాయుట యేల యని మీరడుగవచ్చును. చెప్పెదము.

బ్రిటనుదేశపు నదులలో గాలముతో పట్టబడి, తూకము వ్రాయబడి, యధికారికముగ నంగీకరింపబడిన సాల్మన్ చేపలలో అన్నిటికంటె పెద్దదానిని 1922వ సంవత్సరమున ఒక స్త్రీ పట్టినది. వసంతఋతువున పట్టబడిన సాల్మనులలో పెద్దదానిని 1923లో మఱియొక స్త్రీ పట్టినది. ఈకలతో కట్టిన కృత్రిమపు ఈగను నీటిపై విసరి పట్టినవానిలో పెద్దదానిని 1924లో మూడవ స్త్రీ పట్టినది. వరుసగ మూడేండ్లలో మూడు పెద్దపీటలును స్త్రీలకే దక్కినవి. నూఱేండ్లు దాటినను ఆ మూడును నేటికిని చెక్కుచెదరలేదు. ఆ కాలమున ఆ నదులపై గాలము వేయువారిలో స్త్రీలు పురుషులకంటె మిక్కిలి తక్కువ. ఇది యెట్లు జరిగినదో, జరిగినపిమ్మట లోకమేమని చెప్పుకొనినదో తెలిసికొనుట మనకును అక్కరకు వచ్చునని మేము తలంచుచున్నాము.

ముందుగ నా చేపను గూర్చి కొన్ని మాటలు. గోదావరి తీరమువారికి పులసను గూర్చి వేఱుగ చెప్పనక్కరలేదు. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత ఆ సీమలో నందఱి నోటను కలదు. సముద్రమున నున్నంతకాలము విలస యనిపించుకొను ఆ చేప, వానకాలమున గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినప్పుడు గ్రుడ్లు పెట్టుటకై నదిలోని కెదురీది పులస యగుచున్నది. సాల్మన్ కూడ ఇట్లు ఎదురీది వచ్చు చేపయే. జాతి మాత్రము వేఱు. దాని జీవితకథ యింకను దీర్ఘమైనది.

అట్లాంటిక్ సాల్మన్ చల్లని కొండనదులలో పుట్టును. తల్లిచేప తోకతో గులకఱాళ్లను కదలించి గుంట చేసి, యందు గ్రుడ్లు పెట్టి, మరల ఱాళ్లతో కప్పివేయును. పిల్లలు కొన్నియేండ్లు ఆ నదిలోనే పెరిగి, పిమ్మట వెండివన్నె దాల్చి సముద్రమునకు దిగును. గ్రీన్‌లాండు, ఫేరో దీవుల చల్లని జలములవఱకును పోయి, యచ్చట మేసి బలిసి, యొకటి రెండు మూడేండ్లకు తాము పుట్టిన నదికే తిరిగి వచ్చును. వేలకొలది మైళ్లు తిరిగినను పుట్టినింటి త్రోవను మఱువవు. ఆ నదినీటికి గల ప్రత్యేకమైన వాసనను అవి చిన్ననాటినుండి జ్ఞాపకముంచుకొనునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

వేటగాండ్రకు ముఖ్యమైన సంగతి యింకొకటి కలదు. నదిలో ప్రవేశించినపిమ్మట సాల్మన్ ఆహారము తినదు. సముద్రమున కూడబెట్టుకొనిన క్రొవ్వుతోనే నెలల తరబడి గడపి, గ్రుడ్లు పెట్టువఱకును ఉపవాసముండును. తినని చేపను ఎరతో పట్టుట యెట్లు? అందే యున్నది యీ వేటలోని కష్టమంతయు. ఆకలి గొన్న చేప ఎరను వెదకికొని వచ్చును. ఆకలి లేని సాల్మన్ తన మ్రోలనుండి పోవు చిన్నవస్తువును, కోపముననో, పూర్వపు టలవాటుననో, ఒకానొక క్షణమున చటుక్కున నోట కఱచును. ఆ క్షణమునకై వేటగాడు దినములకొలది చల్లనినీటిలో నిలిచి, వేలసార్లు విసరవలసియుండును.

ఆ చిన్నవస్తువునే వారు ఫ్లై యందురు. ఫ్లై యనగా ఈగ. కాని సాల్మన్‌కై కట్టు ఈగ యే ఈగను పోలియుండదు. ఇనుపకొక్కెమునకు పట్టుదారమును, జరీతీగను చుట్టి, రంగురంగుల యీకలను రెక్కలవలె నమర్చిన పనితనపు బొమ్మ యది. నెమలిపింఛపు పోగులును, బంగారువన్నె చీనా నెమలికోడి యీకలును, మన దక్షిణభారతపు అడవికోడి మెడమీది చుక్కల యీకలును పూర్వము దీనికై నావల మీద పోవుచుండెడివి. మన యడవికోడిని వేటాడుటను నేడు మన చట్టము నిషేధించుచున్నది.

ఈ ఈగకు బరువు లేదు. కావున ఱాయి విసరినట్లు దానిని విసరుట సాధ్యము కాదు. దారమే బరువుగ నుండును. పొడుగైన బెత్తమును వెనుకకు ముందునకు నూపి, ఆ దారమును గాలిలో మడతగ చుట్టి విప్పినచో, దాని కొనయందున్న ఈగ వలసినచోట మెల్లగ వ్రాలును. దీనికి భుజబలము చాలదు, సమయము తెలిసిన మణికట్టు వలయును. ఇట్లు కాక, చిఱుచేపను గాని దాని రూపమున చేసిన బొమ్మను గాని కట్టి నీటిలో త్రిప్పుచు లాగు పద్ధతియు కలదు. ఈ రెండింటిని వేటగాండ్రు వేఱువేఱుగ లెక్కింతురు. కొందఱు రచయితలు రెండింటిని కలిపివైచి, 1922 నాటి చేపను ఈగతో పట్టినట్లు వ్రాయుచుందురు. అది సరికాదు. ఆ చేప చిఱుచేపయెరకు పడినది. ఈగతో పట్టిన పెద్దచేప 1924 నాటిది.

ఇక నా స్త్రీల సంగతికి వత్తము. మొదటియామె పేరు జార్జీనా బ్యాలెంటైన్. స్కాట్లండులోని టే నదీతీరమున కేపుత్ అను గ్రామము ఆమె యూరు. ఆమె తండ్రి యా గ్రామమున జననమరణములను నమోదు చేయు నుద్యోగి. నదియందు గాలపుదొరలకు పడవ నడపుటయు నతనికి తెలిసిన పనియే. మొదటి మహాయుద్ధకాలమున నర్సుగ పనిచేసిన జార్జీనాకు నది యింటి పెరడువంటిది. ఎచ్చట లోతో, ఎచ్చట సుడియో, ఏ ఱాతిచాటున చేపలు విశ్రమించునో ఆమెకు చిన్ననాటినుండి తెలియును.

1922 అక్టోబరు 7వ తేదీ శనివారము. గ్లెండెల్విన్ అను నీటిభాగమున తండ్రి తెడ్లు వేయుచుండ, కూతురు గాలము పట్టినది. ఆ పగలు అప్పటికే ఆమెకు మూడు సాల్మనులు దొరకినవి. సాయంకాలము ఆఱుగంటలు దాటి వెలుతురు మందగించుచుండగా నాలుగవది ఎరను కఱచినది. కఱచినంతనే బాణమువలె ప్రవాహము వెంట క్రిందికి పరుగిడినది. దిగువను వంతెన యున్నది. దారము వంతెనకంబమునకు చుట్టుకొన్నచో క్షణములో తెగిపోవును. తండ్రీకూతుండ్రు కొంతతడవు పడవలోను, కొంతతడవు ఒడ్డున నడచుచును ఆ చేప వెంట పోయిరి.

రాట్నముపై నూలు వడికిన చేతులకు ఇందలి నేర్పు సులభముగ తెలియును. దారమును బిగించి లాగినచో తెగును, వదలివేసినచో ముడులు పడును. గాలపుదారమును అంతియే. చేప పరుగిడునప్పుడు దారము నీయవలయును, అలసినప్పుడు చుట్టుకొనవలయును. ఒక్క నిమిషమైనను సడలనీయరాదు, ఒక్క నిమిషమైనను మొండిగ నిలువరాదు. చీకటి పడినది. చేప కనబడదు. దారమునందలి కదలికయే కన్నులుగ, మొత్తము రెండుగంటల యైదునిమిషములు ఆ పోరాటము సాగినది. చేతులు మొద్దుబాఱినవి. కడపట తండ్రి చీకటిలోనే కొక్కెము వేసి చేపను పడవలోనికి లాగెను. తూచగా 64 పౌనులు, అనగా 29 కిలోలు తూగినది. మనము కొను 25 కిలోల బియ్యపుబస్తాకంటె నది బరువు. పొడవు 54 అంగుళములు.

ఆ చేపను వారమ్ముకొనలేదు. పెర్త్ నగరపు ఆసుపత్రికి పంపిరి. అచ్చటి రోగులును పరిచారకులును దానిని తినిరి. దాని రూపమును అచ్చుపోసి, రంగులు వేసి, నగరములోని యంగడి కిటికీయందుంచిరి. జనులు గుంపులుగ వచ్చి చూచుచుండిరట. ఒకనాడు జార్జీనా కూడ ఆ గుంపు వెనుక నిలిచి చూచుచుండగా, ముందున్న యిద్దఱు వృద్ధులు, ఇంత చేపను ఆడుది పట్టుట కల్ల యని తమలో తాము తేల్చుకొని వెడలిపోయిరని యొక కథ ప్రచారమున నున్నది. ఆమె వారితో వాదింపలేదట. ఆ తరువాత ఆమె చాలకాలము కీళ్లవ్యాధితో బాధపడి, 1970లో మరణించెను.

రెండవ సంగతి మఱుసటి సంవత్సరమున జరిగినది. 1923 మార్చి 13వ తేదీన, వేల్సు ఇంగ్లండుల సరిహద్దున ప్రవహించు వై నదిలో, వింఫర్టన్ అను గ్రామము చెంత డోరీన్ డేవీ అను కన్య చిఱుచేప రూపపు కృత్రిమపు ఎరతో 59½ పౌనుల సాల్మన్‌ను పట్టెను. ఇక్కడను పోరాటము చీకటిలోనికి సాగినది. ఒడ్డున మంట వేసి, ఆ వెలుతురున చేపను ఒడ్డునకు చేర్చిరి. సంవత్సరారంభమున నదికి వచ్చు చేపలకు నిగనిగయు, బలమును అధికము. వానిలో నంత పెద్దది బ్రిటనులో మఱి పట్టబడలేదు.

మూడవది మన విషయమునకు ముఖ్యమైనది. స్కాట్లండు ఈశాన్యభాగమున డెవెరన్ అను నది కలదు. టే నదితో పోల్చినచో నది చిన్నది. 1924 అక్టోబరు 21వ తేదీన, మౌంట్‌బ్లెయిరీ యను నీటిభాగమున క్లెమెంటీనా మారిసన్ అను గృహిణి ఈగను విసరుచుండెను. ఆమెను ఆప్తులు టైనీ యని పిలుచుచుండెడివారు. అనగా చిన్నారి యని యర్థము. ఆనాడామె కట్టిన ఈగ పొడవు ఒకటింబావు అంగుళము మాత్రమే. మన చిటికెనవ్రేలిలో సగమునకు కొంచె మెక్కువ. దానిని కఱచిన చేప 61 పౌనులది. అనగా దాదాపు 28 కిలోలు. చిటికెనవ్రేలి సగమంత ఈకలబొమ్మతో బియ్యపుబస్తాకు మించిన చేపను ఆ చిన్నారి జయించినది!

ఇక్కడ నొక చిన్న చిక్కు కలదు. ఆ చేపను పట్టిన వెంటనే తూచలేదు. ఇంచుమించుగ నొకదినము గడచినపిమ్మట తూచిరి. నీటినుండి తీసిన చేప గంటగంటకును తేమను కోల్పోయి బరువు తగ్గుచుండును. అందుచేత ఒడ్డుననే తూచియున్నచో నది జార్జీనా చేపను మించెడిదేమో యని వాదించువారున్నారు. ఉండవచ్చును. కాని లెక్కకు త్రాసే ప్రమాణము. త్రాసు 61 యన్నది గనుక అన్ని చేపలలో మొదటిస్థానము జార్జీనాదిగను, ఈగతో పట్టినవానిలో మొదటిస్థానము క్లెమెంటీనాదిగను నిలిచినవి.

లోకములోని సాల్మనులన్నింటిలో నివియే పెద్దవని మేము చెప్పుట లేదు. 1928లో నార్వేదేశపు టానా నదిలో హెన్రిక్ హెన్రిక్‌సెన్ అను నతడు 79 పౌనులకు పైగా తూగిన అట్లాంటిక్ సాల్మన్‌ను పట్టెను. పసిఫిక్ సముద్రపు చినూక్ అను జాతి సాల్మన్ యింకను పెద్దది. 1985లో అలాస్కాలోని కీనై నదిలో లెస్ ఆండర్‌సన్ అను నతడు పట్టిన చినూక్ 97 పౌనులు దాటినది. ఈ రెండును పురుషులు పట్టినవే. ఎవరి గొప్ప వారిది. స్త్రీల గొప్పను చెప్పుటకు పురుషుల గొప్పను దాచనక్కరలేదు.

అయితే బ్రిటనులోని యీ మూడు చేపలను గూర్చి లోకము చెప్పిన కారణములను కొంచెము విచారింతము. మొదట, అది యదృష్టమనిరి. అదృష్టము లేకుండ నంత చేప యెవరికిని పడదు. అది నిజమే. కాని పురుషుడు పట్టినప్పుడు నేర్పనియు, స్త్రీ పట్టినప్పుడు అదృష్టమనియు చెప్పుట న్యాయము కాదు. పిమ్మట, ప్రక్కనున్న తండ్రిదే యా ఘనత యనిరి. తెడ్డు వేయు మనిషి తోడు లేకుండ దొరలును పెద్దచేపలను పట్టలేదు. వారి ఘనతను పడవవానికి ఇచ్చినవారిని మేమెఱుగము.

తరువాత శాస్త్రము పేరిట నొక కారణము బయలుదేరినది. 1990లో పీటర్ బీహన్ అను నరములవైద్య పండితుడును, విల్మా పాటర్‌సన్ అను నామెయు కలసి యొక గ్రంథము వ్రాసిరి. స్త్రీల చర్మమునుండి వెలువడు సూక్ష్మపదార్థముల వాసన ఎరకంటుకొని, మగ సాల్మనులను ఆకర్షించునేమో యని వారి యూహ. సాల్మన్ ముక్కు మిక్కిలి చుఱుకైనదని ముందే చెప్పితిమి గదా! అందుచే నీ యూహ వినుటకు ఇంపుగ నున్నది. పత్రికలును దానిని వేడుకగ ప్రచురించినవి. కాని యిది యూహయే గాని నిరూపింపబడిన సత్యము కాదు.

మాట వఱసకు ఆ యూహ నిజమే యనుకొందము. వాసన చేయగలిగిన దేమి? చేప నోరు తెఱచి ఎరను కఱచువఱకే గదా! కఱచుట కొక క్షణము. ఆ పిమ్మట రెండుగంటల యైదునిమిషములు మిగిలియున్నవి. చీకటిలో, వేగముగ పాఱు నీటిలో, వంతెనకంబము తప్పించి, దారము తెగకుండ, ముడి పడకుండ, వ్రేళ్లు మొద్దుబాఱినను విడువకుండ ఆ చేపను నడిపినది యే వాసన? పెద్దచేప గాలమునకు తగిలి తప్పించుకొనిపోవుట వేటగాండ్రందఱికిని అనుభవమే. తగిలిన చేపను ఒడ్డునకు చేర్చుటలోనే నేర్పున్నది. స్త్రీ కష్టించి చేసినపనిని ఆమె నేర్పునకు తక్క తక్కినవాని కన్నింటికిని అంటగట్టుట లోకమునకు పరిపాటి. వంట బాగుండినచో నది చేతి మహిమ యనుచున్నాము. ఆ చేయి కాలిన దినములను లెక్కింపము.

ఈ విద్య స్త్రీలకు అందనిది కాదనుటకు అమెరికాలోని జోన్ వుల్ఫ్ అను నామె చరిత్రము చాలును. ఆమె యౌవనమున నాట్యము నేర్పు గురువు. ఈగను దూరముగ విసరు పోటీలలో 1951లో పోటీదారులందఱు పురుషులే యైన యొక విభాగమున తానొక్కతెయే స్త్రీగ నిలిచి గెలిచెను. ఆ తరువాత 1960లో 161 అడుగుల దూరము విసరెను. బరువులేని ఈగను అంత దూరము పంపినది కండబలము కాదు. నాట్యమున అడుగునకు తాళము కుదిరినట్లు, ఇందు చేతికి దారము కుదరవలయును. ఆమె పిమ్మట ఎందఱికో ఈ విద్యను నేర్పినది.

ఈ సందర్భమున మఱియొకతెను తలపకున్నచో ఈ వ్యాసము పూర్తికాదు. గాలము వేసినవారి పేర్లు గ్రంథములకెక్కును. ఈగను కట్టినవారి పేర్లు అరుదుగ నెక్కును. మేగన్ బాయిడ్ 1915లో ఇంగ్లండున పుట్టి, పసితనముననే తల్లిదండ్రులతో స్కాట్లండు ఉత్తరభాగమునకు వచ్చెను. తండ్రి నదికావలి యుద్యోగి. పొరుగున నున్న యొక కావలివాని యొద్ద బాల్యముననే ఈగలు కట్టుట నేర్చుకొని, బ్రోరా యను నూరి చెంత సముద్రమునకెదురుగ నున్న చిన్న కుటీరమున దాదాపు అరువదియేండ్లు అదే పని చేసెను. ఆ యింట చాలకాలము విద్యుద్దీపము లేదు. కిటికీవెలుతురునను, దీపపు వెలుతురునను కూర్చుండి కట్టిన యామె ఈగలకై దేశదేశముల వేటగాండ్రు ఉత్తరములు వ్రాసి, నెలల తరబడి, ఏండ్ల తరబడి వేచియుండెడివారు. నేటి బ్రిటనురాజు చార్లెసు యువరాజుగ నున్నప్పుడు ఆమె యొద్ద ఈగలు తీసికొనెడివాడు.

1971లో ప్రభుత్వము ఆమెకు బ్రిటిషు సామ్రాజ్య పతకము నిచ్చెను. పతకమునకై రాజధానికి రమ్మని పిలుపు వచ్చినప్పుడు, తన కుక్కను చూచుకొనువారు లేరు గనుక రాజాలనని ఆమె తెలిపెను. పతకము పిమ్మట ఆమెకు చేరినది. ఏండ్ల తరబడి సన్నని పనిచేయుటవలన కన్నులు మందగించి, కడపట ఆమె పని మానుకొనెను. 2001లో మరణించెను. విశేషమేమనగా, అన్ని వేల ఈగలు కట్టిన యామె, ఒక్క సాల్మన్‌నైనను చంపియెఱుగదు. ఆ ప్రాణిని చంపుట ఆమెకు ఇష్టము లేదు.

ఆమె యిష్టమే నేడు ఆ దేశపు ఆచారమైనది. స్కాట్లండులో గాలమునకు పడిన సాల్మనులలో నూటికి తొంబదికి పైగా నిప్పుడు మరల నీటిలోనికే విడిచిపెట్టుచున్నారు. కారణము విచారకరమైనది. నదులకు తిరిగి వచ్చు చేపల సంఖ్య యేటేట తఱుగుచున్నది. స్కాట్లండులో 1952 నుండి లెక్కలు వ్రాయుచుండగా, 2023లో గాలములకు పడినవి 32,477 మాత్రమే. అప్పటివఱకుగల లెక్కలలో నదియే మిక్కిలి తక్కువ. ఆ 2023 సంవత్సరముననే బ్రిటనులోని అట్లాంటిక్ సాల్మన్‌ను ఆపదలోనున్న జాతిగ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము ప్రకటించినది. హెన్రిక్‌సెన్ పెద్దచేపను పట్టిన టానా నదిలో 2021 నుండి సాల్మన్ వేటనే నిషేధించిరి. సముద్రము వేడెక్కుటయు, నదులకడ్డముగ కట్టిన ఆనకట్టలును, నదీజలము చెడుటయు, సాల్మనులను పెంచు సముద్రపు దొడ్లనుండి వ్యాపించు పేలును, ఇట్లు కారణములు పెక్కు చెప్పబడుచున్నవి. ఆనకట్టల సంగతి గోదావరి పులసను తలచుకొనినచో మనకును తెలిసినదే.

కావున జార్జీనా, క్లెమెంటీనాల లెక్కలు ఇక చెదరుట కష్టము. అంత పెద్దచేప యెవరికైనను పడినను, త్రాసున వేయక నీటిలోనే కొలిచి విడిచిపెట్టుదురు. ఆ స్త్రీల పేర్లు నిలుచుటకు గల కారణములలో చేపలు తగ్గిపోవుట కూడ నొకటి యగుట మాకు సంతోషమును గలిగింపదు. ఎవరో యొక బాలిక యే తెల్లవాఱుననో డెవెరన్ నదిలో ఈగ విసరి, ఆ లెక్కను చెఱపివేసినదని వినుటయే మాకెక్కువ సంతోషము. అంతటి చేప మరల నదిలో పుట్టి పెరిగినదని దానివలన తెలియును గదా!

చివర నొక మాట. జార్జీనా తండ్రి జననమరణములను వ్రాసి యుంచు నుద్యోగి యని చెప్పితిమి. అతని కూతురు చేసిన పనియు వ్రాతలోనికెక్కినది గనుకనే, కల్లయని త్రోసివేసిన వృద్ధుల మాట నిలువక, ఆమె పేరు నిలిచినది. తేదీ, స్థలము, తూకము, కొలత, ఈ నాలుగును కాగితముపై నుండగా ఎవరేమన్నను లాభము లేదు. క్లెమెంటీనాకు ఒకదినము ఆలస్యముగ తూచుటవలననే తీరని వాదము మిగిలినది.

మన యిండ్లలో మాత్రము స్త్రీలు చేసిన గొప్పపనులు వ్రాతలోని కెక్కుట యరుదు. ఏ యేట ఏ యవ్వ యెన్ని మణుగుల ధాన్యమును ఒంటిచేత గాదెకెక్కించి కఱవు గట్టెక్కించినదో, ఏ యత్త యెన్ని కాన్పులకు మంత్రసానితనము చేసి యొక్క ప్రాణమునైనను పోనీయలేదో, ఏ పిన్ని అల్లిన జంఖానా యెన్ని తరములు మన్నినదో, చెప్పుకొనువారు పోయినపిమ్మట తెలియదు. అప్పుడది అదృష్టమనియు, ఇంటిమహిమ యనియు, ఎవరో మగవారి చలవ యనియు చెప్పుకొనుటయే మిగులును. సోదరీమణులారా! ఈ మాసము మీ యింటిలోని పెద్దముత్తైదువలను, అవ్వలను కూర్చుండబెట్టుకొని, వారు చేసిన యొక్క పనినైనను తేదీతో, స్థలముతో, కొలతతో ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. పొగడ్తలు వలదు. లెక్క సరిగ నుండినచో చాలును.